పొగ తగలాల్సిన కప్పు

ఫిదేలియా అవ్వ ముక్కుసూటి మనిషి. పెరూ కొండల్లో తంకార్‌పాత అనే ఊళ్లో, చిత్రకారుడు ఎలెయుతేరియో పుట్టిన పూరిల్లు మ్యూజియం అయిన రోజు నుంచీ దాని తాళాలు ఆవిడ నడుముకే వేలాడుతున్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు! పొద్దున్నే వచ్చి, ఇల్లూడ్చి, పొయ్యిలో యూకలిప్టస్ పుల్లలూ లామా జంతువుల పెంటికలూ వేసి రాజేసేది. వంటకి కాదు, ఇంటి గడ్డికప్పు కోసం. ఆ కొండల్లో పొగ తగలని గడ్డి నాలుగు వానలకే పురుగు పట్టి కుళ్లిపోతుంది. అక్కడ పసిపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.

తెలియనిదల్లా పట్నం నుంచి కొత్తగా వచ్చిన అధికారి లుదేన్యాకే. పొయ్యిలో బూడిద ఎత్తించి, నిప్పులా కనబడాలని ఎర్ర బల్బు పెట్టించి, "నిప్పు నిషేధం" అని చెక్క బోర్డు తగిలించాడు.

అక్కడ వానలు ముదిరే జనవరికల్లా కప్పుకి పురుగు పట్టింది. ఫిబ్రవరిలో, చిత్రకారుడు పుట్టిన మంచం మీదే నీటిచుక్కలు పడ్డాయి. పొగ పెట్టాల్సిందేనని అవ్వ మూడుసార్లు చెప్పి చూసింది.

"కింద ప్లాస్టిక్ పట్టా కట్టిద్దాంలే అవ్వా" అన్నాడు లుదేన్యా.

ప్లాస్టిక్ పట్టా! ఆవిడకి ఒళ్లు మండిపోయింది. మర్నాడు బల్బు పీకి అవతల పారేసి పొయ్యి రాజేసింది. లుదేన్యా దగ్గుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటవ్వా ఇది? ఆయన పుట్టిననాడు ఇల్లెలా ఉందో అలాగే ఉంచాలని రూలు!"

"జూన్ నెల చలిలో పుట్టాడయ్యా ఆయన. పురుడు పోసింది మా అమ్మమ్మ. పిల్లాడికి నీళ్లు ఈ పొయ్యి మీదే కాచింది. నీ బల్బు మీద కాచిందనుకున్నావా?"

గుమ్మంలో చేరిన ఆడవాళ్లు పకపకా నవ్వారు. లుదేన్యా మొహం కందగడ్డ అయింది.

"నీ ఉద్యోగం పోయింది. తాళాలు ఇటివ్వు!"

అవ్వకి ప్రాణం విలవిల్లాడింది. అయినా నడుము నుంచి విప్పి లుదేన్యా చేతిలో పెట్టింది. తర్వాత గోడ మీది బోర్డు తీసి, మోకాలికి ఆనించి విరిచి, పొయ్యిలో పెట్టింది. బాగా ఎండిన చెక్క, భగ్గున అంటుకుంది. ఆవిడ పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"వేసుకో నాయనా తాళం. మండే పొయ్యిని ఒంటరిగా వదిలి తాళం వేస్తే కొంప అంటుకుంటుంది. రేపు పైవాళ్లకి నువ్వే చెప్పుకో."

రెండేళ్లయింది. తాళాలు లుదేన్యా బల్లసొరుగులోనే ఉన్నాయి. కుళ్లినచోట కొత్త గడ్డి కప్పారు. అవ్వా, ఊళ్లో ఆడవాళ్లూ రాత్రీ పగలూ వంతులేసుకుని పొయ్యి కాస్తున్నారు. నిప్పు ఇంకా ఆరలేదు, తలుపుకి తాళం పడలేదు.