రోజుకో అబద్ధం

నానమ్మ పోయిన రెండు వారాలకి, ఆవిడ చదువు చెప్పిన ముందుగదిలో పద్నాలుగు మంది బెంచీల మీద ఇరుక్కుని కూచున్నారు. వాళ్ళలో ఒకరంటే ఒకరికి పడకపోయినా, ఒక్క విషయంలో దాదాపు అందరిదీ ఒకే మాట: ఆవిడ మనవడి మొహం చూడబుద్ధి కావడం లేదు.

మనవడికి వీధి పెట్టిన పేరు గప్పాలు. తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. వాణ్ణడిగితే మాత్రం, చెప్పడానికి తమ దగ్గర ఇంకేమీ మిగల్లేదని హెడ్మాస్టరు కళ్ళొత్తుకుంటూ గేటుదాకా సాగనంపాడంటాడు. నానమ్మ గురించి చెప్పేవి అంతకు నాలుగాకులు ఎక్కువే. ఆవిడ బోర్డు దగ్గర గొంతెత్తితే వీధి చివర బస్సు ఆగిపోయేదట. డ్రైవరు దిగొచ్చి, హాజరు పలికి, మళ్ళీ వెళ్ళి బస్సు తీసేవాడట.

ఈ కోతలు అత్తకి గిట్టవు. అత్తంటే నానమ్మ కూతురు, పెద్ద బళ్ళో హెడ్మిస్ట్రెస్. ఆవేళ ఆమె ఒక చేతిలో తల్లి జీవితం రాసుకొచ్చిన కాగితం ఉంది, రెండో చేతిలో ఆ గది తాళంచెవి ఉంది. కాగితం చదవడం అవగానే గదికి తాళం వెయ్యాలని ఆమె నిర్ణయం. చదువు ఆగకూడదనీ, ఇకమీదట బోర్డు దగ్గర తనే నిలబడాలనీ వాడి పంతం. మునిగిపోయినవాడు ఈత నేర్పుతానన్నట్టుందని ఆమె పొద్దున్నే వంటింట్లో వాడి నోరు మూయించింది.

కాగితంలో నానమ్మ పుట్టింది, పెళ్ళాడింది, ముప్ఫై రెండేళ్ళు బళ్ళో పనిచేసింది. భర్త పోయాక తన ఇద్దరు పిల్లలతోపాటు చెల్లెలి ముగ్గురినీ పెంచింది. రిటైరయ్యాక పేదలకి అక్షరదానం చేసింది. అంతా నిజమే. అయినా అందులో నానమ్మ ఎక్కడా లేదని గప్పాలు పళ్ళు నూరుకున్నాడు.

వాడెరిగిన నానమ్మ ఎడంచేత్తో గరిటె తిప్పుతూ కుడిచేత్తో పరీక్ష కాగితాలు దిద్దేది. కాగితం మీద నూనెచుక్క పడితే, తప్పు తనదని ఒక మార్కు కలిపేది. వీధిలో ఎవరికి ఏ ఆఫీసు నుంచి నోటీసొచ్చినా చెప్పులేసుకుని వెంట బయలుదేరేది. ఆవిడ మెట్లెక్కడం చూసి గుమస్తాలు టీకి లేచిపోయేవారు. ఇది మాత్రం కోత కాదు.

ఆవిడ తల్లికి చదువు రాదు. ఆసుపత్రి కాగితమని ఎవరో బంధువు చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని, ఇల్లు తన పేర పెట్టుకున్నాడు. అందుకే పొద్దున్న ఆరింటికి, పనుల్లోకి పోయేముందు చదువుకోడానికొచ్చే ఈ పెద్దవాళ్ళకి ఆవిడ మొదటిరోజే చెప్పేది: "చదివి వినిపించేవాణ్ణి నమ్మకండి. నన్ను కూడా." అని ఊరుకోకుండా రోజూ పాఠంలో ఒక అబద్ధం కలిపేది. పట్టుకున్నవాళ్ళకి ఆ పూటంతా ఆవిడ పేము కుర్చీ. ఎవరూ పట్టుకోకపోతే వదిలిపెట్టే ముందు తనే చెప్పేసేది. అబద్ధం గడప దాటకూడదన్నది ఆవిడ కట్టడి.

ఆవిడ ఆసుపత్రిలో చేరాక మూడు రోజులు గప్పాలే పాఠం చెప్పాడు. మూడో రోజు ఏం జరిగిందో వాడొక్కడికే తెలుసు.

అత్త కాగితం మడిచి, గది మూసేస్తున్నానని చెప్పింది. ఈ గప్పాలు దగ్గర చదువుకుంటామనేవాళ్ళుంటే ఇప్పుడే చెప్పమంది. టైలరు పైకప్పు చూశాడు. వాచ్‌మన్, వీడు చెప్పే లెక్కలో రెండురెళ్ళు నలభై అవుతాయని గొణిగాడు. కొందరు నవ్వారు. అది నచ్చే నవ్వు కాదు.

అప్పుడు ఇస్త్రీ పిన్ని లేచింది. వీధి మలుపులో బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఏడాదిగా నానమ్మ దగ్గర అక్షరాలు దిద్దుతోంది.

"నోటి దురుసే గానీ పిల్లాడు చెప్పడం బాగా చెప్తాడమ్మా. బస్సు బోర్డులు చదవడం నేర్పింది ఇతనే. ఆసుపత్రిలో మీ అమ్మగారికి మరీ బాలేదని ఫోనొచ్చిన రోజు నేనూ ఇతని వెనకే బయలుదేరా. ఆసుపత్రి మీదుగా అని బస్సు బోర్డు నేనే చదివా, ఎవర్నీ అడగలా. నా ఖర్మ, నాలుగు బస్సులూ ఎర్రబోర్డువే వచ్చాయి. అవి అక్కడ ఆగవుగా. నడిచెళ్ళేసరికి అమ్మ లేదు. దానికి ఇతనేం చేస్తాడు? గది ఉంచండమ్మా."

ఆమె మాట అక్కడ చెల్లుతుంది. టైలరు సరే కానిమ్మన్నట్టు తలూపాడు. అత్త తాళంచెవి వాడి వైపు సగం చాచింది కూడా.

వాడు చెయ్యి చాచలేదు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడానని ఒప్పుకున్న పాపాన పోలేదు వాడు.

"ఎర్రబోర్డు బస్సు ఆగుతుంది పిన్నీ," అన్నాడు. "ఆ రోజు పాఠంలో నేను కలిపిన అబద్ధం అదే. ఎవరూ పట్టుకోలేదని లోపల మురిసిపోయా. చివర్లో చెప్దామనుకున్నా. ఇంతలో ఫోనొచ్చింది, పరిగెత్తా."



"అమ్మ నన్నడిగిందా?" అంది పిన్ని.

"రెండుసార్లు."

"రెండు వారాల్నుంచి నోట్లో ఏం పెట్టుకున్నావురా?" అన్నాడు టైలరు. ప్లంబరు లేచి చెప్పులు వెతుక్కున్నాడు. అత్త తాళంచెవి వెనక్కి లాక్కుంది. "ఇందుకే వద్దన్నా. ఇంటిదాకా వచ్చిన చదువుని కూడా చంపేశావు," అని లేవబోయింది.

పిన్ని ఆమెని దాటుకుని వెళ్ళి పేము కుర్చీలో కూచుంది. నానమ్మ పోయాక అందులో ఎవరూ కూచోలేదు. వాణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. ఆ చూపులో క్షమ గింజంత కూడా లేదు.

"నిన్ను చూస్తే ఒళ్ళు మండుతోంది. రోజూ ఇక్కడే కూచుంటా. నువ్వు చెప్పే ప్రతి ముక్కా పట్టుకుంటా. ఒక్కటి గడప దాటిందో, ఇస్త్రీపెట్టె నీ వీపు మీదే. అమ్మా, ఆ తాళంచెవి నాకివ్వండి, వాడికొద్దు."

అత్త కాసేపు తటపటాయించి, తాళంచెవి ఆమె ఒళ్ళో పడేసి, తన కాగితం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గప్పాలు సుద్దముక్క అందుకుని బోర్డు మీద రాశాడు: ఎర్రబోర్డు బస్సు ఆసుపత్రి దగ్గర ఆగుతుంది.

"ఇదన్నా నిజమేనా?" అన్నాడు టైలరు.

పిన్ని కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరమే చదివింది. "వాణ్ణెందుకు అడుగుతావు? రేపు ఎక్కి చూసొచ్చి నేను చెప్తా. అందాకా చెరపకు."