మాస్టరు కత్తి మీద మూడు గీతలు

వీధిలో అందరికీ ఆమె ఒరలక్క. కత్తులకు ఒరలు కుడుతుంది కాబట్టి ఒరలు, ఎంతటివాళ్లనైనా మందలిస్తుంది కాబట్టి అక్క. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు, ఆమె కూడా ఏమీ అనుకోకుండా పలుకుతుంది.

ఇల్లంటే రెండు గదులు. వీధి గదిలో, భర్త పోయాక, మరిది సానచక్రం తిప్పుతాడు. వెనక గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. రెండింటి మధ్య తలుపుకు ఎప్పుడూ తడిపిన గోనెపట్టా వేలాడుతుంటుంది. సానపొడి ఇవతలికి రాకుండా దానికే అంటుకుపోవాలని ఆమె పెట్టిన ఏర్పాటు. పట్టా ఆరిందంటే చక్రం ఆగాల్సిందే.

ఆమె పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో ఒరలన్నవే లేవు. భర్త సానపట్టిన కత్తుల్ని పాత కాగితాల్లో చుట్టి ఇచ్చేవాడు. దారిలో కాగితం తెగేది, ఒక్కోసారి వేలూ తెగేది. చూసి చూసి ఆమె ఒక పాత బూటు విప్పి, ఆ తోలుతో ఒర కుట్టింది. ఎవరూ నేర్పలేదు, పాడుచేసి నేర్చుకుంది. మొదట లోపల ముఖమల్ గుడ్డ అస్తరు వేసింది. చూసినవాళ్లంతా ఆహా అన్నారు. నెల తిరిగేసరికి కత్తులన్నీ తుప్పుమచ్చలతో తిరిగొచ్చాయి. ముఖమల్ తడిని తాగి కూర్చుంటుందని అప్పుడు తెలిసింది. తర్వాత ఉన్నిగుడ్డ వేసింది. అది దుమ్మునంతా కడుపులో దాచుకుంది. చివరికి పల్చటి మేకతోలు దగ్గర ఆగింది, అదీ నున్నటి వైపు కత్తికి తగిలేలా.

కత్తిని గీసేది గరుకు గుడ్డ కాదు, మెత్తటి గుడ్డలో ఇరుక్కున్న రేణువు. ఈ సంగతి తెలియడానికి ఆమెకు ఆరేళ్లు పట్టింది. అందుకే వెన్ను దగ్గర బిగువుగా, పక్కల దగ్గర వదులుగా ఉండే ఒరనే కుడుతుంది. "కత్తి ఒరలో పడుకోవాలి, పొర్లకూడదు" అంటుంది. అతికించే ముందు ప్రతి అస్తరు ముక్కనీ కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతుంది. ఆవగింజలో పాతికోవంతు రేణువున్నా ఆ వేళ్లకు దొరికిపోవాల్సిందే.

అయితే కిందటేడు జ్వరమొచ్చి తగ్గాక వేలికొసలు మొద్దుబారినట్టు అనిపిస్తోంది. ఎవరికీ చెప్పలేదు. తనలో తాను మాత్రం గట్టిగా ఒక మాట అనుకుంది: నా ఒర వల్ల ఒక్క కత్తి మీద గీత పడినా, ఆ రోజే సూది పక్కన పెట్టేస్తాను.

ఒకనాడు పొద్దున్నే పెద్ద హోటల్ వంట మాస్టరు వచ్చాడు. ఆయన పొడవాటి కత్తి ఎంత నున్నగా ఉంటుందంటే, అందులో చూసుకుని మీసం దువ్వుకుంటాడని తోటివాళ్లు నవ్వుతారు. మూడు వారాల కిందటే దానికి ఒర కుట్టించుకెళ్లాడు. ఇంకో అయిదు కత్తులకు కూడా కుట్టాలని అప్పుడే చెప్పాడు. ఇప్పుడు ఒరలోంచి కత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

ఒరలక్క దాన్ని కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టింది. పిడి నుంచి మొన దాకా వెంట్రుకల్లాంటి మూడు గీతలు.

"గిన్నెల్లో గానీ పడేశారా మాస్టారూ?"

"నా కత్తినా? గిన్నెల్లోనా? మా ఆవిణ్ణన్నా పుట్టింట్లో వదిలేసొస్తానేమో గానీ అక్కా!"

"మరి ఎవరి చేతిలోనన్నా..."

"ఎవరూ ముట్టరు. ఒరలోంచి తీస్తాను, కోస్తాను, కడిగి తుడిచి మళ్లీ ఒరలో పెడతాను. అంతే." ఆయన గొంతు తగ్గించాడు. "నీ మీద కోపం కాదు. మిగతా అయిదింటికీ ప్లాస్టిక్ తొడుగులు కొనుక్కుంటాను."

ఆయన ఒరను వదిలేసి కత్తితో వెళ్లాక ఆమె ఆ ఒరను ఒళ్లోకి తీసుకుంది. తర్వాత కుట్లు విప్పి అస్తరును తడిమింది. నున్నగానే ఉంది. చెంపకు రాసుకుంది. ఏమీ తగల్లేదు. తగలకపోవడమే ఆమెను భయపెట్టింది.

చక్రం ఆపి మరిది లోపలికొచ్చాడు. "ఏంటి వదినా, ఆయన మొహం అలా పెట్టుకుని పోయాడు?"

"నా వేళ్లు పోయాయి నాయనా."

"ఎక్కడికి పోయాయి? పదీ కనబడుతున్నాయిగా!"

ఆమె నవ్వలేదు. అప్పుడతను ఎదురుగా కూర్చున్నాడు. ఆమె జ్వరం సంగతీ, వేలికొసల సంగతీ, ఆ అనుకున్న మాట సంగతీ చెప్పేసింది. అతను తల గోక్కుని లేచి వెళ్లి, చక్రం కింద ఇనపరజను ఎత్తే అయస్కాంతం తుడిచి తెచ్చాడు. "నీ వేళ్లూ వద్దు, నా వేళ్లూ వద్దు. దీన్ని అడుగు."

అస్తరు మీద నెమ్మదిగా లాగేసరికి అయస్కాంతానికి సన్నగా నల్లటి గడ్డం మొలిచింది. ఇనపరజనే. అది ఉన్న చోట సానరాతి పొడీ ఉంటుంది.

ఆమె ఆ గడ్డాన్ని చూసింది. తర్వాత తల పైకెత్తింది. వదినకు ఉక్కగా ఉందని నెల కిందటే మరిది ముచ్చటపడి రెండు గదుల మధ్య గోడకు కన్నం కొట్టి ఫ్యాన్ బిగించాడు. అది వీధి గది గాలిని లాగి, గోనెపట్టాను తప్పించి తెచ్చి, సరిగ్గా ఆమె బల్ల మీద పోస్తోంది. అతికించిన అస్తర్లు ఒక పూట తెరుచుకుని ఆరేది ఆ బల్ల మీదే.

మరిది కూడా తలెత్తాడు. "నేనేనా వదినా నీ కొంప ముంచింది?"

"కొంప కాదులే, ఒక కత్తి. ఇకమీదట నాకు మంచి చేసేముందు ఒక్కమాట అడిగి చెయ్యి."

"ఇప్పుడే పీకేస్తాను."

"పీకకు! చల్లగా ఉంది. ఆ కన్నం పూడ్చి, వెనక గోడకు మార్చు."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. వేళ్లు పోలేదు, చెంపకు కూడా అందనంత సన్న రజను అది. కానీ తప్పు పోలేదు కూడా. అతికించే ముందు తడిమింది, ఆరాక మళ్లీ చూసుకోలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూసుకోలేదు, అవసరం పడలేదు. సూది పక్కన పెట్టేస్తాననుకున్నది వేళ్లు పోతేనని; ఈ తప్పయితే దిద్దుకోవచ్చు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక విప్పిన ఒరనూ అయస్కాంతాన్నీ సంచిలో వేసుకుని హోటల్ వంటింటికి వెళ్లింది. మాస్టరు ముందు అయస్కాంతాన్ని మళ్లీ అస్తరు మీద లాగి చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"అయితే తప్పు ఫ్యాన్‌ది" అన్నాడాయన.

"ఫ్యాన్ ఒరలు కుట్టదు మాస్టారూ. కుట్టేది నేను. ఆరాక ఇంకోసారి చూసుకోవాల్సింది. మీ కత్తి మా మరిదికివ్వండి, రెండు రోజుల్లో గీతలు పోగొట్టి ఇస్తాడు. తొడుగులు కొంటారో లేదో మీ ఇష్టం."

మాస్టరు మీసం మీద చెయ్యేసి ఆలోచించాడు. గీతలు పడ్డ కత్తిని గుడ్డలో చుట్టి ఇచ్చాడు. తర్వాత సొరుగు తెరిచి, మంచి కత్తులన్నీ పక్కకు నెట్టి, అడుగున ఉన్న ఒక పొట్టి కత్తిని తీశాడు. పిడి అరిగిపోయింది. "ముందు దీనికి కుట్టు. చూద్దాం."

ఇంటికొచ్చేసరికి మరిది వెనక గోడ దగ్గర స్టూలెక్కి ఉన్నాడు. "అయిదూ ఇచ్చాడా వదినా?"

"ఒకటిచ్చాడు. ఉల్లిపాయలు తరిగేది."

"ఛ! దానికి ఒరెందుకు? ఎన్ని గీతలున్నాయో దానికే తెలీదు."

"అందుకేగా ఇచ్చాడు, పోయినా ఫర్వాలేదని" అంటూ ఒరలక్క గోనెపట్టా తడిపి తలుపుకు కట్టింది. మేకతోలు చుట్టలన్నీ కిందికి దించింది. ఉల్లిపాయల కత్తిని వాటి పక్కన పెట్టుకుని, వాటిలో అన్నిటికంటే పల్చటిది ఏదో వేళ్లతో వెతకడం మొదలుపెట్టింది.