రెండూ కలిపే ఇస్తాను

నిరుడు మా వారికి విశాఖ బదిలీ అయింది. అక్కడ ఉబ్బసంతో బాధపడే అత్తగారితో ఉండాలి కాబట్టి, ఫిల్మ్‌నగర్ ఇల్లు ఖాళీ చేసేలోపు మా కుక్కలు చిట్టి, బుజ్జిలకు వేరే ఇల్లు చూడాల్సి వచ్చింది. అవి అక్కాచెల్లెళ్లు. ఒకటి కనబడకపోతే రెండోది అన్నం ముట్టదు. వచ్చినవాళ్లంతా "ఒక్కటి చాలండీ" అనేవారు. నెలంతా వాళ్లతో వాదించి విసిగిపోయాను.

చివరికి జూబ్లీహిల్స్ నుంచి ఒకావిడ రెండూ తీసుకుంటానని వచ్చారు. నేను కాఫీ కలిపి తెచ్చేలోపు చిట్టి, బుజ్జి ఆవిడ పట్టుచీర కొంగును చెరోవైపు లాగి చింపేశాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ చిరిగిన కొంగు చుట్టుకుని కారెక్కి వెళ్లిపోయారు.

సామాను కట్టడానికి బోరబండ నుంచి వచ్చిన యాదయ్య ఇదంతా చూశాడు.

"నాకియ్యండి మేడమ్. మా ఇంటెన్క గుట్ట ఉంది, మస్తు ఉరుకుతయి" అన్నాడు.

"ఏది కావాలి?" అన్నాను నీరసంగా.

"ఏదంటే ఏంది మేడమ్? ఒక్కదాన్ని తీస్కపోతే ఇంకోటి ఆగమైతది గద."

రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ అతని ఆటో ఎక్కాయి. నావైపు తిరిగి చూడనైనా లేదు. అందరితో అంత వాదించినదాన్ని, చివరికి ఏది కావాలని నేనే అడిగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.