నర్సమ్మ నోట నేను పెట్టిన మాట

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మింగలేను, కక్కలేను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. నా భర్తకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో. జాలిపడకండి. నాకిప్పుడు కావాల్సింది జాలి కాదు.

జిల్లా ఆరోగ్య అధికారులకు నాయకత్వం నేర్పే కార్యక్రమం ఒకటి ఉండేది. డబ్బు పరాయి దేశాలది, శిక్షణ కరీంనగర్ హోటల్లో. ఏసీ గదిలో గోడలకు రంగు కాగితాలు అంటించి, మార్పు నాతోనే మొదలవుతుందని డాక్టర్ల చేత ఒక్కొక్కరుగా చెప్పించేవారు. వాళ్ల ఆసుపత్రుల్లో సెలైన్ సీసా కిటికీ మేకుకు వేలాడుతూనే ఉండేది. నా పని ప్రచారం. ఆ శిక్షణ వల్ల ఊళ్లు ఎలా బాగుపడ్డాయో వీడియోలు తీసి, కింద ఇంగ్లీషు వాక్యాలు వేసి పంపాలి. తెలుగు పత్రికలకు వార్త రాసివ్వాలి. ఊరు బాగుపడకపోతే? ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు.

అలా ఆసిఫాబాద్ అవతల, వాగు దాటితే వచ్చే ఒక ఊరికి వెళ్లాను. అక్కడి నర్సు సుజాతక్క. పేరు మార్చాను. ఆమె మంచికే అని మొదట అనుకున్నాను. కాదేమో, నా మంచికే.

శిక్షణ పొందిన అధికారి ఆ ఊళ్లో ఒక జట్టు పెట్టానని చెప్పుకున్నాడు. కాన్పు దగ్గరపడ్డ ఆడవాళ్లను మంచం మీద వాగు దాటించే జట్టు. అసలు సంగతేమిటంటే ఆ ఊరివాళ్లు తాతల నాటి నుంచీ అలాగే మోస్తున్నారు. ఈయన వాళ్లకు పచ్చ బనియన్లు కొనిచ్చాడు. అంతే! దానికి నాయకత్వమని పేరు.

కెమెరా ముందు సుజాతక్క కోపంగానే మాట్లాడింది. వాగొస్తే అంబులెన్సు అవతలి గట్టుకాడ్నే ఆగుతదంది. వంతెన కోసం మొక్కని కాలు లేదంది. చివర, "వంతెన వడేదాక మాకు గిదే దిక్కు" అంది.

వంతెన ముక్క కత్తిరించాను. మిగిలిన 'గిదే దిక్కు'కు కింద ఇంగ్లీషులో, మా ఊరికి దారి చూపింది ఇదే అని అర్థం వచ్చేలా రాశాను. దిక్కంటే నాకు తెలియదా? మాది మంథని. వడగండ్లకు వరి పోయిన ఏడాది మా అవ్వ గడపలో కూలబడి, ఇగ మనకెవలు దిక్కు అని ఏడిస్తే, నేనేమైనా తూర్పు చూపించానా? తెలిసే రాశాను. అంతకుముందు పంపిన వీడియోలో అంతా ఏడుపే ఉందని పైవాళ్లు విసుక్కున్నారు. ఈసారి మెప్పు కావాలి నాకు. అక్కడితో ఆగినా బాగుండేది. పత్రికల వార్తలో సుజాతక్క అన్నట్టుగా ఇంకో మాట కూడా కల్పించాను: మంచం జట్టు ఉండగా మాకు వంతెనతో పనిలేదు. ఆమె ఫొటోతో సహా అచ్చయింది. హైదరాబాద్ సభలో అధికారికి శాలువా కప్పారు. డబ్బిచ్చిన పరాయి దేశపు దొరలు లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాత ఊరివాళ్లు వంతెన కోసం అర్జీ పట్టుకుని పోతే, ఆఫీసులో ఆ వార్తే చూపించి, మీ నర్సమ్మే వద్దంటుంది కదా అని పంపేశారట. ఆ వానాకాలమే ఒకామెకు వాగు గట్టు మీద, మంచం మీదే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. పక్కనే నిలబడి తడిసిన సుజాతక్కను మర్నాడు ఆ ఇంటి గడప తొక్కనివ్వలేదు. అప్పుడామె నాకు ఫోన్ చేసింది.

"మేడం, పేపర్ల నా పేరు మీద గా మాట ఎవలు రాసిన్రు?"

"నాకు తెల్వదక్కా. పై ఆఫీసోళ్లు మార్చిన్రు కావచ్చు."

"గట్లనా. అయితే ఒక్కసారి మా ఊరికి రాండ్రి మేడం. నేను గట్లనలేదని నలుగురి ముంగట ఒక్క మాట చెప్పుండ్రి. ఊరంత నన్నే అంటున్నరు. పోరగాండ్లకు సూదులిప్పిచ్చుటానికి గూడ తోలుతలేరు."

"వస్తక్కా. తప్పకుండ వస్త."

"జర జల్ది రాండ్రి. మీరే చెప్పాలె. నా మాట ఎవ్వలు నమ్ముతలేరు."

నేను వెళ్లలేదు. మళ్లీ ఫోన్ చేసింది, ఎత్తలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఆమె తానే అడిగి చెన్నూరు వైపు బదిలీ చేయించుకుందని మా డ్రైవర్ చెప్తే, అమ్మయ్య అనుకున్నాను. అవును, ముందు వచ్చింది ఆ మాటే. ఏడుపు తర్వాత వచ్చింది.

నేను రాయకపోతే మాత్రం వంతెన కట్టేవారా అని ఇన్నాళ్లూ నన్ను నేను బుజ్జగించుకున్నాను. కట్టకపోదురు కూడా. కానీ వంతెన నా చేతిలో లేదు, ఆమె మాట నా చేతిలో ఉండింది. కెమెరా చూసి ఆమె నమ్మింది, ఇన్నాళ్లకు వినేవాళ్లు వచ్చారని. ఆ నమ్మకాన్ని ఏం చేశాను? కోపంతో చెప్పినదాన్ని కృతజ్ఞతగా మార్చి అమ్మాను. పేదవాళ్లు కోపంగా ఉంటే చూడలేని వాళ్లకు నాయకత్వం ఎందుకు, శాలువాలెందుకు? ఆ వీడియో ఇప్పటికీ కొత్తగా వచ్చిన అధికారులకు చూపిస్తున్నారు. నన్ను పిలిచి, ఊరివాళ్ల గొంతు ఎలా వినిపించాలో ప్రచారం పనిలో కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పమంటున్నారు. సిగ్గులేకుండా చెప్పి వస్తున్నాను.

ఆ వాగు మీద వంతెన పడిందో లేదో నాకు తెలియదు. కనుక్కోవడం ఒక ఫోన్ పని. చేయలేదు.

ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. దానికీ నామీద నాకు కోపమే. ఆమె క్షమిస్తుందని రాయడం లేదు, ఎందుకు క్షమించాలి? నలుగురి ముందు చెప్పమని ఆమె అడిగింది. ఆ నలుగురిలో మీరు లేరు. అయినా చెప్తున్నాను. ఆ నర్సమ్మ వంతెన కావాలనే అడిగింది. వద్దని రాసింది నేను.