దసరా రాత్రి లేవని సర్వర్

నవ్వితే నవ్వండి. ఇది కల కాదు. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో నా కళ్ళతో చూశాను. ఇన్నాళ్ళూ సగమే చెప్పాను. ఇవాళ మిగతా సగం.

దసరా రాత్రి. ఆయుధపూజకని మిషన్లతో పాటు సర్వర్‌ని కూడా ఆపి, బొట్టు పెట్టి, బంతిపూలు వేశారు. ఏళ్ళ తరబడి అది ఆగింది లేదు. కోల్డ్ రూమ్ ఎంత చల్లగా ఉందో గోడ మీది తెరకు పంపేది అదే. లోపల ఇంజెక్షన్ మందు. వేడెక్కితే మొత్తం పారబోయాలి.

కంప్యూటర్లు చూసుకునేది నేను. పూజయ్యాక మిషన్ ఆన్ చేశాను. దాన్ని నడిపే యూనిక్స్ లేచింది. తెరకు పేజీ పంపే వెబ్ సర్వర్ మాత్రం లేవదు... కమాండ్ కొట్టాను. ఈ పోర్టు ఇప్పటికే వాడకంలో ఉంది, అంటుంది. అంటే, అది కూర్చోవాల్సిన కుర్చీలో ఇంకెవరో ఉన్నారన్నమాట. ఎవరా అని వెతికాను. ఎవరూ లేరు! కుర్చీ ఖాళీ. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే జవాబు...

"పూజల వెట్టినదాన్ని తెల్లారేదాక ముట్టొద్దు సార్," అన్నాడు పక్కనే ఉన్న నర్సింలు. కోల్డ్ రూమ్ ఆపరేటర్, రుద్రారం మనిషి.

"గిది లేవకుంటే నీ దసరా, నా దసరా రెండూ ఐపోతయ్ నర్సింలన్నా."

"గదిమితే లేస్తదా సార్? జెర బతిమాలుండ్రి."

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు... టిక్... గోడ మీది తెర వెలిగింది.

నా చేతులు కీబోర్డు మీద లేవు. సర్వర్ నడవడం లేదు. అయినా పేజీ వస్తోంది. నెమ్మదిగా... పైనుంచి కిందికి... ఒక్కో గీత. కోల్డ్ రూమ్ అంకె ఎర్రగా ఉంది. చూస్తుండగానే పెరిగింది. మళ్ళీ పెరిగింది...

"సార్! కంప్రెసర్ బందైనట్టుంది! ఉర్కుండ్రి!"

పరుగెత్తాం. కోల్డ్ రూమ్‌ని చల్లబరిచే కంప్రెసర్ నిజంగానే ఆగిపోయింది! ఎప్పుడూ ఉండే ఆ హోరు లేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నర్సింలు రెండో కంప్రెసర్ నడిపించాడు. మందు దక్కింది! ఒకరినొకరు వాటేసుకున్నాం. తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. కమాండ్ కొడితే పాత జవాబే. తెల్లవారాక మాత్రం, అదే కమాండ్‌కి, ఒక్క దెబ్బకు లేచింది.

మేనేజర్‌కు నర్సింలు ఉన్నదున్నట్టు చెప్పాడు. "సర్వర్ బందే ఉండె సార్. తెర దానంతటదే ఒచ్చింది."

"పండుగకు ఎన్ని పెగ్గులేసినవ్?" అందరూ గొల్లున నవ్వారు. మేనేజర్ నావైపు చూశాడు.

పిచ్చివాడనుకుంటారని భయపడ్డాను. "నేనే నడిపించిన సార్," అన్నాను.

నన్ను మెచ్చుకున్నారు. డ్యూటీలో తాగాడని నర్సింలును పనిలోంచి తీసేశారు.

బ్రౌజర్‌లో పాత పేజీ మిగిలి ఉంటుందని తెలిసినవాళ్ళు అంటారు. పాత పేజీలో అంకె ఎలా పెరుగుతుంది? పెరిగితే, నిజంగా ఆగిన కంప్రెసర్ సంగతి దానికెలా తెలిసింది?

అదేమిటో నాకు తెలియదు. నర్సింలు మాత్రం ఆ రాత్రి చుక్క తాగలేదు.