ఆఫీసుకు పోతేనే సరైతాది

చింతామణిలో అత్తగారింటి మేడగదిలో, కుట్టుమిషన్ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని ప్రమోద ఆఫీసు పని చేస్తుంది. ఎర్రర్ వస్తే ఆ ఎర్ర అక్షరాల కింద చూపుడువేలు జరుపుతూ, పెదవులు కదుపుతూ చదువుతుంది. తను తయారుచేస్తున్న వెబ్‌సైటును తన ల్యాప్‌టాప్ నమ్మాలంటే ఒక సర్టిఫికెట్ టూల్ ఎక్కించాలి. ఎక్కించబోతే పొద్దున్నుంచి అనుమతి లేదంటోంది. తన దగ్గరున్న అడ్మిన్ పాస్‌వర్డ్ కొడితే చాలని ఆమెకు తెలుసు. కొట్టకుండా కిందికి దిగింది. పెళ్ళయ్యాక ఆమె ఒంటరిగా బస్సెక్కింది లేదు.

“నేను చేసిన సైటును ల్యాప్‌టాప్ నమ్మడంలా మామా. ఆఫీసుకు పోతేనే సరైతాది. రేపు బెంగళూరు పోయొస్తా.”

“నువ్వు చేసింది నీ మిషనే నమ్మదా? బాగుండాది,” అని మామ వెంకటరామప్ప నవ్వాడు. “ఒక్కదాన్నే యాడ పంపేదమ్మా, నేనూ వస్తా. అయ్యేదాకా నీ పక్కనే కూచుంటా.”

ప్రమోద మేడెక్కి పాస్‌వర్డ్ కొట్టింది. టూల్ ఎక్కింది.

“వద్దులే మామా, ఇక్కడే అయిపోయింది,” అని మెట్ల మీంచి చెప్పింది.