తవిటయ్య చేసిన ఉక్కురేకు పెట్టె

తవిటయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు రేకు కోసి, వంచి, రివెట్లు కొట్టి రిటైరయ్యాడు. మనిషి రిటైరయ్యాడు గానీ చెయ్యి ఊరుకోలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, రైల్వేలోనే పనిచేసే కొడుకు వినోద్ పేర ఉన్న క్వార్టర్స్‌లోకి ఏ వస్తువు వచ్చినా దానికో పెట్టె తయారు. రేడియోకి పెట్టె, మిక్సీకి పెట్టె, ఆఖరికి పెళ్లాం సింహాచలమ్మ కళ్లజోడుకీ పెట్టె. మనుషులకి చెయ్యలేదు, అంతవరకు నయం.

వినోద్ టీవీకి తగిలించడానికి అరచేతిలో పట్టేటంత కంప్యూటరు తెచ్చాడు. ఎలుకలు తీగలు కొరికేస్తాయని తవిటయ్య రెండు రోజుల్లో దానికీ ఉక్కురేకు పెట్టె చేశాడు. తీగలకి కన్నాలు, మూతకి గొళ్లెం, పైన ఎర్ర రంగు. ఇరుగుపొరుగు వచ్చి మెచ్చుకుని వెళ్లారు. ఆ మర్నాటి నుంచీ ఏ బొమ్మ పెట్టినా నిమిషం ఆడి ఆగిపోవడం, తెర మధ్య చక్రం తిరుగుతూ కూర్చోవడం.

సింహాచలమ్మ మామూలుగా అయితే పట్టించుకోదు. కానీ ఆదివారం బొబ్బిలి దగ్గర అమ్మవారి పండగలో ఆమె తమ్ముడు తప్పెటగుళ్లు ఆడుతున్నాడు. అరవై ఎనిమిదేళ్లవాడు, ఈ ఏటితో ఆట మానేస్తానన్నాడు. ఊరివాళ్లు లైవ్ పెడతారట. మోకాలి ఆపరేషనై మంచం దిగలేని ఆమెకి ఆ ఆఖరి ఆట చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

వినోద్ తీగలు మార్చాడు, బొమ్మ నాణ్యత తగ్గించాడు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన బెంగాలీ దాదా వచ్చి "లైన్ ఠీక్ హై" అని, అది బాగానే ఉన్నట్టు తన ఫోనులో చూపించి వెళ్లిపోయాడు. తవిటయ్య ఇద్దర్నీ తిట్టాడు.

బుధవారం మధ్యాహ్నం, టీవీ ఎదుటి మంచమ్మీద సింహాచలమ్మ కునుకు తీస్తుండగా, దుమ్ము తుడుద్దామని తవిటయ్య కంప్యూటరును బయటికి తీశాడు. టీవీలో బొమ్మ పావుగంట ఆగకుండా ఆడింది. మళ్లీ పెట్టెలో పెట్టి గొళ్లెం వేశాడు. ఆగిపోయింది. వైఫైని లోపలికి రానివ్వనిది తన రేకే. తన వేలితో తన కన్నే పొడుచుకున్నవాడు ఎవరితో చెప్పుకుంటాడు? తవిటయ్య సిగ్గుతో నోరు మూసుకున్నాడు.

శనివారం వినోదే అడిగాడు, "పెట్టె తీసి సూద్దుమా నాన్నా?"

"పెట్టెకేటయ్యిందిరా? ఎలకలు కొరికేత్తే మళ్లీ కొంతావేటి?"

ఆదివారం నాలుగింటికి తమ్ముడు తెరమీదికి వచ్చాడు. గుండెలమీద తప్పెట, కాళ్లకి గజ్జెలు. ఎగిరి ఒక్క గంతు వేశాడు. గాలిలో ఉండగానే బొమ్మ ఆగి, చక్రం తిరిగింది. సింహాచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ కదిలేసరికి ఇంకెవరో ఆడుతున్నారు. అలా నాలుగుసార్లయింది.

తవిటయ్య ఇక ఉండబట్టలేక లేచి, గొళ్లెం తీసి, కంప్యూటరును బయట పెట్టాడు. బొమ్మ సాఫీగా నడిచింది. తమ్ముడు మిగిలిన ఆట ఆడి, తప్పెట విప్పి అమ్మవారి ముందు పెట్టేశాడు.

"తప్పు పెట్టెదేనే. నాకు బుధవారమే తెలిసినాది," అన్నాడు తవిటయ్య తల దించుకుని.

"నాకూ బుధవారమే తెలిసినాది. నాను నిద్దరోలేదు," అంది సింహాచలమ్మ తెరమీంచి చూపు తిప్పకుండా. "నీ నోటంట వత్తాదేమోనని సూసినాను. అలా సూత్తూ కూకుని మా తమ్ముడి ఆట సగం పోగొట్టుకున్నాను."